రోడ్స్, వలెట్టా, హన్యా: ఎటు వెళ్లాలో మోకాళ్లని అడగండి

రోడ్స్ పాత ఊరికి మేం చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. కోట గుమ్మం దగ్గర టాక్సీ ఆపి, మీ బస ఉన్న సందులోకి బండి రాదు, ఇక నడకే అన్నాడు డ్రైవరు. మ్యాప్‌లో ఎనిమిది నిమిషాలని ఉంది. తీరా చూస్తే అక్కడి వీధికి తారూ లేదు, సిమెంటూ లేదు. కోడిగుడ్డంత గులకరాళ్లని అంచు మీద నిలబెట్టి ఒత్తుగా పాతిన నేల. మూడో మలుపులో పెద్ద సూట్‌కేస్ చక్రం ఒకటి ఊడి రాళ్ల మధ్య ఇరుక్కుపోయింది. అమ్మ ఎవరిదో గుమ్మం మెట్టు మీద కూలబడి, మోకాలి పట్టీ సర్దుకుంటూ, "ఇంత ఖర్చుపెట్టి వచ్చింది రాళ్లు తొక్కడానికా నాయనా?" అంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి అదే వీధిలో మేమిద్దరం తప్ప మనిషి లేడు. గోడ మీంచి వేలాడుతున్న కాగితంపూల తీగ, కింద ఓ పిల్లి, ఎక్కడో గిన్నెల చప్పుడు. "ఇంకో రెండ్రోజులు ఉందాంరా" అంది ఆవిడే.

అందుకే, మధ్యధరా సముద్రంలో పాత ఓడరేవు ఊరు ఒకటి చూడాలనుంది, ఏది బాగుంటుంది అని ఎవరడిగినా నేను ముందు తిరిగి అడుగుతాను: ఎవరితో వెళ్తున్నారు, ఏ నెలలో? గ్రీసులోని రోడ్స్, మాల్టా రాజధాని వలెట్టా, మళ్లీ గ్రీసులోనే ఉన్న హన్యా: ఫోటోల్లో మూడూ ఒకేలా ఉంటాయి. తేనెరంగు రాయి, నీలం నీళ్లు, సందుల్లో పూలకుండీలు. కాళ్లకీ కడుపుకీ మాత్రం మూడూ మూడు రకాలు.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. క్రీట్ ద్వీపంలో ఉన్న ఈ మూడో ఊరిని ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనం చానియా అంటాం. అక్కడివాళ్లు అనేది హన్యా. బోర్డుల మీద, బస్సు టైంటేబుల్స్‌లో రెండు స్పెల్లింగులూ కనిపిస్తాయి, వేరే ఊరనుకుని కంగారు పడకండి.

పోగొట్టుకున్న ఇల్లు, కట్టుకున్న ఇల్లు

రోడ్స్, వలెట్టాల మధ్య తేడా అర్థం కావాలంటే కాస్త చరిత్ర తప్పదు. సెయింట్ జాన్ నైట్స్ అనే క్రైస్తవ యోధుల సంఘం 14వ శతాబ్దం మొదట్లో రోడ్స్‌ని చేజిక్కించుకుని రెండు వందల ఏళ్లకు పైగా ఏలింది. 1522లో, ఇక్కడ కృష్ణదేవరాయలు గద్దె మీద ఉన్న రోజుల్లో, ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ ఆరు నెలలు ముట్టడి వేసి ఆ కోటని తీసుకున్నాడు. 1523 జనవరి 1న నైట్స్ ఓడలెక్కి వెళ్లిపోయారు. ఏడేళ్లు ఊరూరా తిరిగాక, 1530లో చక్రవర్తి అయిదో చార్లెస్ వాళ్లకి మాల్టా ఇచ్చాడు. 1565లో ఒట్టోమన్ నౌకాదళం అక్కడికీ వచ్చింది. మనకి 1565 అంటే తళ్లికోట. మాల్టావాళ్లకి అదే ఏడాది మహా ముట్టడి. ఇక్కడ విజయనగరం కూలింది, అక్కడ మాల్టా నిలబడింది. మరుసటి ఏడాదే నైట్స్ అధిపతి (గ్రాండ్ మాస్టర్ అంటారు) జాన్ ద వలెట్ ఎదురుగా ఉన్న బోడి గుట్ట మీద కొత్త నగరానికి శంకుస్థాపన చేశాడు. అదే వలెట్టా. మన హైదరాబాద్ కంటే పాతికేళ్లు పెద్దది.

రోడ్స్ ఆ నైట్స్ పోగొట్టుకున్న ఇల్లు. వలెట్టా ఆ దెబ్బ తిన్నాక జాగ్రత్తపడి కట్టుకున్న ఇల్లు. ఈ తేడా నడుస్తుంటే కాళ్లకే తెలుస్తుంది. రోడ్స్‌లో సందులు ఎటు పడితే అటు తిరుగుతాయి, దారి తప్పని రోజు ఉండదు. వలెట్టాలో పోప్ పంపిన ఇంజనీరు లపరెల్లి స్కేలు పెట్టి గీసినట్టు వీధులు వేశాడు. ఏ కూడలిలో నిలబడ్డా వీధి చివర సముద్రం కనిపిస్తుంది.

హన్యాకి ఈ గొడవతో సంబంధం లేదు. అది వెనిస్ వర్తకుల రేవు, 1645లో ఒట్టోమన్ల చేతికి వచ్చింది. అక్కడ చూడాల్సింది కోట కంటే ఊరి బతుకు.

రోడ్స్: నడవగలిగితే దీని తర్వాతే ఏదైనా

నా ఒక్కడి కోసమే అయితే రోడ్స్‌కే ఓటు. కోటగోడ దాదాపు 4 కిలోమీటర్లు, లోపల ఊరు ఇంకా బతికే ఉంది. యునెస్కో 1988లో వారసత్వ జాబితాలో చేర్చింది.

అందరూ ముందు పరిగెత్తేది గ్రాండ్ మాస్టర్ భవనానికి. బాగుంటుంది, కాదనను. కానీ పాత భవనం 1856లో మందుగుండు పేలి శిథిలమైంది. ఇప్పుడు మనం చూసేది చాలావరకు 1937, 1940 మధ్య ఇటలీవాళ్లు తిరిగి కట్టింది. అప్పట్లో ద్వీపం వాళ్ల ఏలుబడిలో ఉండేది. నేల మీది మొజాయిక్ బొమ్మలు కూడా పక్క ద్వీపం కోస్ నుంచి తెచ్చినవే. టైం తక్కువుంటే దాన్ని గబగబా చూసేసి, నైట్స్ ఆసుపత్రి భవనంలో ఉన్న పురావస్తు మ్యూజియానికి ఎక్కువ సేపు పెట్టుకోండి. ఆ పెద్ద వార్డు హాల్లో నిలబడితే అయిదు వందల ఏళ్ల నాటి రోగుల దగ్గు వినిపిస్తుందేమో అనిపిస్తుంది.

ఆసుపత్రి పక్క నుంచి భవనం దాకా ఎక్కే రాతి బాటే నైట్స్ వీధి. రెండు పక్కలా ఉన్న సత్రాలు ఒక్కో భాష మాట్లాడే వాళ్లకి ఒక్కోటి: ఫ్రాన్స్ వాళ్లది, ఇటలీ వాళ్లది, స్పెయిన్ వాళ్లది. కోటగోడ కాపలా కూడా భాషలవారీగా పంచుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం పడ్డ పాట్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను. వీళ్లు అయిదు వందల ఏళ్ల ముందే గోడని భాషాప్రయుక్తంగా విడగొట్టుకున్నారు.

టికెట్ లేకుండా చూడదగ్గది కందకం. నీళ్లెప్పుడూ లేని ఆ లోతైన కాలువలో రెండు గోడల మధ్య నడుచుకుంటూ పోవచ్చు. ముట్టడి నాటి గుండ్రటి రాతి గుండ్లు గడ్డిలో అక్కడక్కడా పడి ఉంటాయి. పిల్లలుంటే ఒక పూట ఇక్కడే గడిచిపోతుంది. తూర్పు వైపు యూదుల వాడలో 1577 నాటి కహల్ షలోమ్ ప్రార్థనాలయం ఉంది. ఆ వాడలో బతికినవాళ్లని 1944 జులైలో నాజీలు ఓడలెక్కించి తీసుకుపోయారు. సముద్రపు గుర్రాల ఫౌంటెన్ ఉన్న చిన్న చౌక్‌లో వాళ్ల పేరిట స్మారకం ఉంది. చుట్టూ ఐస్‌క్రీం తింటూ కూర్చున్నవాళ్లలో సగం మంది అటు చూడరు.

ప్రాచీన ఏడు వింతల్లో ఒకటైన కొలోసస్ విగ్రహం ఎక్కడ అని మాత్రం వెతక్కండి. సుమారు 33 మీటర్ల ఆ కంచు విగ్రహం క్రీస్తుపూర్వం 226లో భూకంపానికి పడిపోయింది. ఇప్పుడు మాండ్రాకి రేవు ముఖద్వారంలో స్తంభాల మీద రెండు జింక బొమ్మలే ఉంటాయి.

కష్టాలూ చెప్పాలి. క్రూజ్ షిప్పులు గోడ పక్కనే ఆగుతాయి. పది నుంచి నాలుగు దాకా సోక్రటీస్ వీధి మన తిరునాళ్ల లెక్కే. వీల్‌చైర్, పిల్లల బండి, చక్రాల సూట్‌కేస్, ఈ మూడింటికీ ఆ గులకరాళ్లు పగవే. పెద్దవాళ్లతో వెళ్తే గోడ బయట, మాండ్రాకి దగ్గర కొత్త ఊళ్లో బస తీసుకుని పొద్దున్నే లోపలికి వెళ్లండి. నాకు ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక చక్రం మిగిలేది.

వలెట్టా: చిన్న ఊరు, నిండు కంచం

కిలోమీటరు పొడవు మించని రాజధాని. బస్సులన్నీ నగర ద్వారం బయట ట్రిటన్ ఫౌంటెన్ దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి రిపబ్లిక్ వీధి గుట్ట వెన్నుమీద వెళ్తుంది కాబట్టి నడక హాయిగా ఉంటుంది. ఆ వీధికి అడ్డంగా ఎటు తిరిగినా దిగుడే, చాలాచోట్ల మెట్లు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

దానికి మందు బరక్కా లిఫ్ట్. రేవు ఒడ్డు నుంచి 58 మీటర్లు ఒక్క ఊపులో ఎత్తి అప్పర్ బరక్కా తోటలో దింపుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి ఆ తోట కిందున్న వరసలోంచి ఫిరంగి పేలుస్తారు. పావుగంట ముందే వెళ్లి రెయిలింగ్ దగ్గర చోటు పట్టండి. ఎదురుగా గ్రాండ్ హార్బర్, అవతలి ఒడ్డున బిర్గు, సెంగ్లియా, బొర్మ్లా అనే మూడు పాత ఊళ్లు. ఫిరంగి మోగాక అదే లిఫ్ట్‌లో కిందికి దిగితే అవతలికి ఫెర్రీ ఉంటుంది. రంగులేసిన చిన్న పడవ ఎక్కాలనుంటే డైసా అని అడగండి. నీటి మీంచి చూస్తేనే ఆ గోడలు ఎంత ఎత్తో అర్థమవుతుంది.

ఇక సెయింట్ జాన్ కో-కేథడ్రల్. బయటి నుంచి చూస్తే పాత గవర్నమెంటు ఆఫీసులా ఉంటుంది. లోపల అడుగుపెట్టగానే కళ్లు చెదురుతాయి. నేలంతా సుమారు నాలుగు వందల సమాధి ఫలకాలు, రంగురంగుల పాలరాతిలో పుర్రెలు, దేవదూతలు, కవచాలు. ఆ ఫలకాలు పాడవుతాయని సన్నటి హీల్స్ చెప్పులు రానివ్వరు. భుజాలు కప్పుకోవాలి. ఆదివారం ప్రార్థనలే, సందర్శకులకి ఉండదు. పక్క గదిలో ఇటలీ చిత్రకారుడు కారవాజో 1608లో వేసిన చిత్రం, సెయింట్ జాన్ శిరచ్ఛేదం. అయిదు మీటర్ల వెడల్పు కాన్వాసు, అందులో సగం ఖాళీ చీకటి. కింద, మెడ నుంచి కారిన నెత్తుట్లో సన్నగా ఆయన పేరు. ఆయన సంతకం పెట్టిన చిత్రం ఇదొక్కటే. అది వేసిన ఏడాదే గొడవపడి జైలుపాలై, తప్పించుకుని సిసిలీ పారిపోయాడు. నేను వెళ్లిన రోజు ఒక పెద్దాయన ఆ బొమ్మ ముందు కుర్చీలో అరగంట కదలకుండా కూర్చున్నాడు. ఆడియో గైడ్ కూడా చెవి నుంచి తీసేశాడు.

వలెట్టాలో మనకి కలిసొచ్చేవి ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు అక్కడ అధికార భాష, మందుల షాపులో గానీ ఆసుపత్రిలో గానీ తడబడక్కర్లేదు. బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి, ప్లగ్గులు బ్రిటిష్ తరహా మూడు పిన్నులవి. లేనిది ఇసుక బీచ్. ఊరి చుట్టూ రాళ్లే, ఇసుక కావాలంటే బస్సులో గంట ప్రయాణం. భూగర్భంలో ఉన్న హాల్ సఫ్లీనీ సమాధులు చూడాలనుంటే విమానం టికెట్‌తో పాటే అదీ బుక్ చేయండి. రోజుకి 80 మందినే లోపలికి పంపుతారు, అక్కడికెళ్లాక చూద్దాంలే అంటే దొరకదు.

హన్యా: సాయంత్రాల ఊరు

ఇక్కడ లిస్టు పెట్టుకుని తిరిగేవాళ్లకి రెండు పూటల్లో పని అయిపోతుంది. వంపు తిరిగిన రేవు, ఒడ్డున గుమ్మటం ఉన్న పాత మసీదు, వెనిస్ వాళ్లు ఓడలు కట్టిన రాతి షెడ్లు, చివర లైట్‌హౌస్. ఆ దీపస్తంభానికి పునాది వెనిస్ వాళ్లది, ఇప్పుడున్న ఆకారం 1830ల్లో ఈజిప్టు పాలనలో వచ్చింది. కాస్తెల్లి గుట్ట మీద ఇళ్ల మధ్యే తవ్వకాల గొయ్యి కనిపిస్తుంది, అది మూడు వేల ఏళ్లకు పైబడిన కిడోనియా, క్రీట్ ప్రాచీన నాగరికత అయిన మినోవన్ల ఊరు.

కానీ హన్యాకి వెళ్లేది దానికోసం కాదు. ఎండ వాలాక ఊరు ఊరంతా రేవు గట్టు మీదికి నడకకి వస్తుంది. తాతలు, తోపుడు బండ్లలో పిల్లలు, ఐస్‌క్రీం చేతుల్లో పట్టుకున్న కుర్రాళ్లు. గట్టు చదునుగా ఉంటుంది, అమ్మ మోకాళ్లు ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. నేయా హోరా అనే ఇసుక బీచ్ పావుగంట నడక. కాస్త ఓపికుంటే ఎలఫోనీసి, బాలోస్ బీచ్‌లు, 16 కిలోమీటర్ల సమరియా లోయ నడక, అన్నీ ఇక్కడి నుంచే. బాలోస్‌కి మట్టిరోడ్డు. అద్దెకారు ఇన్సూరెన్స్ చాలాసార్లు మట్టిరోడ్డుకి వర్తించదు, కాగితం చదివి బయల్దేరండి, లేదా పడవలో వెళ్లండి.

రేవు ముందు వరస హోటళ్లలో మెనూ పట్టుకుని పిలిచేవాళ్ల మాట వినకండి. రెండు సందులు వెనక్కి, స్ప్లాంజియా అనే పేట వైపు వెళ్తే భోజనం మారిపోతుంది.

శాకాహారులకి

ఈ విషయంలో గ్రీసు ముందుంటుంది, మాల్టా వెనకబడుతుంది. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసాలు ఎక్కువ, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ వంటలకి "నిస్తీసిమా" అని పేరు. ఆ ఒక్క మాట నేర్చుకోండి, చాలు. ఒక హెచ్చరిక: ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ తినొచ్చని వాళ్ల లెక్క, కాబట్టి అవి వద్దని విడిగా చెప్పాలి. హన్యాలో డాకోస్ తిని తీరాలి. గట్టి బార్లీ రస్కు మీద టమాటా తురుము, మెత్తటి మిజిత్రా జున్ను, ఆలివ్ నూనె. హోర్తా అంటే ఉడకబెట్టిన ఆకుకూర మీద నిమ్మకాయ పిండి ఇస్తారు, పప్పులేని తోటకూరలా ఉంటుంది. రోడ్స్‌లో పితరూద్యా అడగండి. శనగలు, ఉల్లిపాయ, పుదీనా కలిపి వేయించిన వడ. మన మసాలా వడకి దూరపు చుట్టం, కారం ఒక్కటే తక్కువ. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి కందిపొడి తీసి ఆ లోటు తీర్చింది.

మాల్టాలో బయట చవగ్గా దొరికేది పస్తిజ్జి, పొరలు పొరలుగా ఉండే పఫ్. ఒకటి రికోటా జున్నుతో, ఒకటి బఠాణీతో. బఠాణీది మన ఎగ్ పఫ్ షాపు రుచిని గుర్తుచేస్తుంది. పొరలకి కొందరు పంది కొవ్వు వాడతారు, పట్టింపు ఉంటే అడిగి కొనండి. ఇండియన్ రెస్టారెంట్లు మాత్రం మాల్టాలోనే సులువుగా దొరుకుతాయి.

ఏ నెల

జులై, ఆగస్టుల్లో ఎక్కడికీ వెళ్లొద్దు. ఎండ మనకి అలవాటే కదా అనుకుంటాం, కానీ తెల్లరాయి మీద పడి తిరిగొచ్చే వేడి వేరు, రద్దీ వేరు. మన స్కూళ్ల వేసవి సెలవుల్లో మే నెల రోడ్స్‌కీ హన్యాకీ సరిగ్గా సరిపోతుంది, సముద్రం నీళ్లు మాత్రం ఇంకా చల్లగా ఉంటాయి. దసరా సెలవుల్లో అయితే నీళ్లు కూడా వెచ్చగా ఉంటాయి, నాకు అదే ఇష్టం. సంక్రాంతికి, క్రిస్మస్‌కి అయితే వలెట్టా ఒక్కటే. చలికాలంలో రోడ్స్ పాత ఊళ్లో హోటళ్లు, షాపులు చాలావరకు తాళాలే, సమరియా లోయ మూసేస్తారు. హన్యా పెద్ద ఊరు కాబట్టి బతికే ఉంటుంది గానీ వానలు. వలెట్టాలో జనవరి పగళ్లు పదిహేను డిగ్రీల చుట్టూ ఉంటాయి, ఒక స్వెటరు చాలు.

వీసా, ప్రయాణం

మాల్టా, గ్రీసు రెండూ షెంగెన్‌లోనివే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లోవి. రెండు దేశాలూ కలిపి చూస్తే ఎక్కువ రాత్రులుండే దేశానికి దరఖాస్తు పెట్టాలి. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉంటున్నా పాస్‌పోర్టు ఇండియాదైతే షెంగెన్ వీసా కావాల్సిందే. మాల్టాకి దుబాయ్ మీదుగా వెళ్లొచ్చు, గ్రీకు ఊళ్లకి ఏథెన్స్‌లో విమానం మారాలి. హన్యాకి ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి రాత్రి ఓడ ఉంది, పడుకుని లేచేసరికి సూదా రేవులో ఉంటారు. హోటల్ రాత్రి ఖర్చు మిగిలినట్టే. గ్రీసులో హోటలువాళ్లు గది అద్దెతో పాటు రోజుకింత ప్రభుత్వ రుసుం విడిగా వసూలు చేస్తారు, మోసం అనుకుని గొడవపడకండి.

రోడ్స్ నుంచి టర్కీలోని మర్మారిస్ గంట దూరమే, ఒక రోజు వెళ్లొద్దామని అందరికీ బుద్ధి పుడుతుంది. మీ షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే అటు వెళ్లాక మళ్లీ రోడ్స్‌లో అడుగుపెట్టనివ్వరు. మా స్నేహితుడొకడు టికెట్ కొన్నాక రేవులో క్యూలో నిలబడి పాస్‌పోర్టు తిరగేస్తుంటే ఈ సంగతి కనపడింది. సామానంతా హోటల్లోనే ఉంది. డబ్బులు పోతే పోయాయని వెనక్కొచ్చాడు.

సిసిలీలోని సిరక్యూస్ ఊరి పాత భాగం, ఒర్తీజియా ద్వీపం గురించి ఎందుకు చెప్పలేదంటారేమో. వంతెన దాటితే చాలు కాబట్టి ద్వీపం అన్న భావన రాదు. కానీ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు గుడి స్తంభాలని గోడలో కలిపేసుకున్న ఆ ఊరి కేథడ్రల్ కోసం వెళ్లొచ్చు. సిసిలీలో పొజాలో నుంచి వలెట్టాకి రెండు గంటల్లోపు ఓడ ఉంది, వారం రోజులుంటే రెండూ కలపండి. కారవాజో పారిపోయిన దారి కూడా అటే.

కాబట్టి నా లెక్క ఇది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో, మే నెలలోనో దసరాకో: హన్యా. అదే చలికాలంలో: వలెట్టా. కొత్తగా పెళ్లైన జంటకి, బాగా నడిచే స్నేహితులకి, చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి: రోడ్స్, అదీ గోడ లోపలే బస, కనీసం మూడు రాత్రులు, చేతిలో బరువు లేకుండా. చిన్నపిల్లలుంటే ఇసుక కోసం హన్యా. యూరప్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలే చేతిలో ఉన్నవాళ్లకి వలెట్టా, కేథడ్రల్‌ని శనివారమే ముగించుకోవాలి.

వచ్చే జనవరికి అమ్మతో వలెట్టాకి టికెట్లు తీశాను. బస వెతుకుతుంటే తెలిసింది, చెక్క బాల్కనీలున్న ఆ అందమైన పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, ఇరుకు రాతి మెట్లే. గది ఫోటోలు చూసి మురిసిపోకుండా ఎన్నో అంతస్తు అని మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.